కొత్త డొమైన్‌కు గ్రూప్ పాలసీల తరలింపు: ఏజెడ్-801కు నేను చదివిన తీరు

విండోస్ సర్వర్ హైబ్రిడ్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికేషన్ కోసం నేను ఏజెడ్-800, ఏజెడ్-801 అనే రెండు పరీక్షలు రాశాను. ఒక్కో పరీక్షలో 1000కి కనీసం 700 స్కోరు రావాలి. రెండో పరీక్షకు చదువుతున్నప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టిన అంశం ఒక యాక్టివ్ డైరెక్టరీ డొమైన్‌లోని (యూజర్లను, కంప్యూటర్లను ఒకే చోటి నుంచి నిర్వహించే విండోస్ నెట్‌వర్క్‌లోని) సర్వర్ సెక్యూరిటీ పాలసీలను, అంటే గ్రూప్ పాలసీల ద్వారా సర్వర్లకు పెట్టే సెట్టింగులను, మరో డొమైన్‌కు తరలించడం. పరీక్షలో వచ్చిన ప్రశ్నలను వెల్లడించబోమని ముందే ఒప్పుకొని కూర్చుంటాం కనుక ప్రశ్నల జోలికి వెళ్లను. ఈ అంశాన్ని ఎలా చదివితే నాకు అర్థమైందో మాత్రమే రాస్తాను.

మొదటి రెండు వారాలు పాఠాలు చదివి, వీడియోలు చూసి నోట్స్ రాసుకున్నాను. మూడో వారంలో ఒక మాక్ టెస్టులో ఈ అంశం మీద వచ్చిన ప్రశ్నలన్నీ తప్పుగా పెట్టిన తరువాత చదవడం ఆపి ల్యాబ్ కట్టాను. 16 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో హైపర్-వీ మీద మూడు వర్చువల్ మెషీన్లు సరిపోయాయి: పాత డొమైన్‌కు ఒక డొమైన్ కంట్రోలర్ (డొమైన్‌ను నడిపే సర్వర్), కొత్త డొమైన్‌కు ఒకటి, మధ్యలో ఒక మెంబర్ సర్వర్ (డొమైన్‌లో చేరే మామూలు సర్వర్). విండోస్ సర్వర్ ఎవాల్యుయేషన్ కాపీ 180 రోజులు పనిచేస్తుంది కాబట్టి ఖర్చేమీ కాలేదు. రెండు డొమైన్ల మధ్య ట్రస్ట్ (ఒక డొమైన్ ఖాతాలను మరొకటి నమ్మే ఏర్పాటు) మాత్రం కావాలనే పెట్టలేదు. ట్రస్ట్ లేనప్పుడు ఏది కుదురుతుందో, ఏది కుదరదో తెలిస్తే ఈ అంశంలో సగం వచ్చినట్టే.

ఎందుకంటే గ్రూప్ పాలసీ మేనేజ్‌మెంట్ కన్సోల్‌లో కనిపించే రిస్టోర్, కాపీ, ఇంపోర్ట్ అనే మూడు పనులు పైకి ఒకేలా అనిపించినా మూడూ వేరు. రిస్టోర్ బ్యాకప్ తీసిన డొమైన్‌లోనే పనిచేస్తుంది, పోయిన పాలసీని అదే గుర్తింపుతో తిరిగి తెస్తుంది. కాపీ రెండో డొమైన్‌లో కొత్త పాలసీని తయారుచేస్తుంది కానీ దానికి రెండు డొమైన్ల మధ్య ట్రస్ట్ ఉండాలి. ఇంపోర్ట్‌కు ట్రస్ట్ అక్కర్లేదు, బ్యాకప్ ఫోల్డర్ ఉంటే చాలు. అయితే అది లక్ష్యంగా ఎంచుకున్న పాలసీలో అప్పటికే ఉన్న సెట్టింగులను తుడిచేసి వీటిని పెడుతుంది, పాతవాటితో కలపదు. ఈ చివరి మాట తెలియక, చక్కగా తయారుచేసుకున్న పాలసీ మీదే ఇంకొకదాన్ని ఇంపోర్ట్ చేసి ఒక సాయంత్రం పని మొత్తం పోగొట్టుకున్నాను.

అసలు పాఠం ఆ తరువాత వచ్చింది. పాత డొమైన్‌లో సర్వర్ ఆపరేటర్ల కోసం నేను ఒక గ్రూపు పెట్టి, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా లాగిన్ అయ్యే హక్కును లోకల్ అడ్మినిస్ట్రేటర్లకూ ఆ గ్రూపుకూ ఇచ్చి ఉన్నాను. దాన్ని బ్యాకప్ తీసి, కొత్త డొమైన్‌లో అదే పేరుతో గ్రూపు పెట్టి, పాలసీని ఇంపోర్ట్ చేసి, సర్వర్ల ఓయూకు (డొమైన్‌లో ఆ సర్వర్లను విడిగా ఉంచిన విభాగానికి) లింక్ చేశాను. మెంబర్ సర్వర్‌ను కొత్త డొమైన్‌లోకి మార్చి పాలసీలను వెంటనే తెచ్చుకునే జీపీ-అప్‌డేట్ ఫోర్స్ కమాండ్ ఇచ్చాను. ఎక్కడా ఒక్క ఎర్రర్ రాలేదు. కొత్త గ్రూపులోని యూజర్‌తో కనెక్ట్ అవ్వబోతే మాత్రం రిమోట్‌గా సైన్ ఇన్ అయ్యే హక్కు లేదని సర్వర్ తిప్పి పంపింది. ఆ యూజర్ సర్వర్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో ఉన్నా అదే జవాబు.

సర్వర్ మీద లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరిచి చూస్తే ఆ హక్కు ఎదురుగా అడ్మినిస్ట్రేటర్స్ అన్న పేరు పక్కన, పేరేమీ లేకుండా ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి అంకె ఒకటి కనిపించింది. కొత్త డొమైన్ కంట్రోలర్‌లో సిస్‌వాల్ (పాలసీ ఫైళ్లు ఉండే షేర్డ్ ఫోల్డర్) కింద ఆ పాలసీ ఫోల్డర్‌లోకి వెళ్లి, సెక్‌ఎడిట్ అనే ఫోల్డర్‌లోని సెక్యూరిటీ టెంప్లేట్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ప్రివిలేజ్ రైట్స్ అన్న శీర్షిక కింద ఆ హక్కు పేరు, దాని ఎదురుగా కామాతో వేరు చేసిన రెండు ఎస్ఐడీలు (ప్రతి ఖాతాకూ, గ్రూపుకూ విండోస్ ఇచ్చే గుర్తింపు అంకెలు) ఉన్నాయి. మొదటిది ఎస్-1-5-32-544, అంటే లోకల్ అడ్మినిస్ట్రేటర్స్. ఆ అంకె ప్రతి విండోస్ మెషీన్‌లోనూ ఒకటే కాబట్టి ఎక్కడికి తీసుకెళ్లినా అర్థం మారదు. రెండోది పాత డొమైన్ గ్రూపు ఎస్ఐడీ. ఒక డొమైన్‌లో పుట్టిన గ్రూపు ఎస్ఐడీలో ఆ డొమైన్ అంకె ఇమిడి ఉంటుంది, కాబట్టి కొత్త డొమైన్‌లో అదే పేరుతో గ్రూపు పెట్టినంత మాత్రాన అది అదే గ్రూపు కాదు. పాలసీ తరలివచ్చింది కానీ అందులో ఉన్నవాళ్లు పాత ఊళ్లోనే ఉండిపోయారు.

ఆ రోజు నుంచి ప్రతి సెట్టింగును ఒకే ప్రశ్న వేసి చదివాను: ఇది విలువ చెబుతోందా, లేక ఎవరినైనా, ఏ చోటునైనా పేరు పెట్టి చూపుతోందా? ఆడిట్ పాలసీ, ఫైర్‌వాల్ ప్రొఫైల్ ఆన్‌లో ఉండాలా వద్దా, ఎస్ఎంబీ సైనింగ్ తప్పనిసరా కాదా వంటివి విలువలు. అవి ఎక్కడికైనా అలాగే వెళ్తాయి. యూజర్ హక్కులు, రిస్ట్రిక్టెడ్ గ్రూప్స్, సర్వీసులు, ఫైళ్లు, రిజిస్ట్రీ కీల మీద పెట్టిన అనుమతులు మనుషుల్ని చూపిస్తాయి. ఫోల్డర్ రీడైరెక్షన్, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్ వంటివి సర్వర్ షేర్ల దారుల్ని చూపిస్తాయి. ఈ రెండు రకాల వాటి కోసమే మైగ్రేషన్ టేబుల్ ఉంది.

మైగ్రేషన్ టేబుల్ అంటే పాత పేరు ఎదురుగా కొత్త పేరు రాసి పెట్టే ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు, అంతే. కన్సోల్‌తో పాటే వచ్చే ఎడిటర్‌లో బ్యాకప్‌ను చూపిస్తే పాత పేర్లన్నీ అదే నింపుతుంది. ఎదుటి గడిలో కొత్త పేరు మనం రాయవచ్చు, లేదా ఉన్నది ఉన్నట్టు ఉంచమని, తీసేయమని, కొత్త డొమైన్‌లో అదే పేరున్న దానికి మార్చమని చెప్పవచ్చు. ఈ టేబుల్ గ్రూపులను పుట్టించదు. కాబట్టి ముందు కొత్త డొమైన్‌లో గ్రూపులు, తరువాత టేబుల్, దాన్ని వ్యాలిడేట్ చేయడం, ఆ తరువాతే ఇంపోర్ట్, అన్నిటికంటే చివర లింక్. ఇంపోర్ట్ విజార్డ్‌లో టేబుల్‌ను మాత్రమే అనుసరించమనే చెక్‌బాక్స్ ఒకటుంది. దాన్ని పెడితే టేబుల్‌లో లేని పేరు ఒక్కటి ఎదురైనా ఇంపోర్ట్ ఆగిపోతుంది. చాలామంది దాన్ని ఇబ్బందిగా భావించి వదిలేస్తారు కానీ, నా దృష్టిలో ఆ విజార్డ్‌లోకెల్లా విలువైన గడి అదే.

అలా ఎందుకంటున్నానో చెప్పాలి. రిమోట్ డెస్క్‌టాప్ హక్కు తప్పిపోతే ఎవరో ఒకరు లాగిన్ అవ్వలేక వెంటనే ఫోన్ చేస్తారు. కానీ ఆ పాలసీలోనే డినై హక్కులు కూడా ఉంటాయి. ఫలానా సర్వీస్ ఖాతాలు నెట్‌వర్క్ ద్వారా, రిమోట్‌గా లాగిన్ కాకూడదని పెట్టిన నిషేధంలో పాత ఎస్ఐడీ అలాగే ఉండిపోతే కొత్త డొమైన్‌లో ఆ నిషేధం ఎవరికీ వర్తించదు. ఎవరి పనీ ఆగదు కాబట్టి ఎవరూ ఫోన్ చేయరు. నేను ల్యాబ్‌లో దీన్ని కావాలనే చేసి చూశాను. కాదనవలసిన ఖాతా హాయిగా లోపలికి వచ్చింది, ఈవెంట్ వ్యూయర్‌లోనూ ఫిర్యాదేమీ లేదు. టెంప్లేట్‌లో ఎస్ఐడీకి బదులు పేరు ఉండి, ఆ పేరు దొరకనప్పుడైతే అప్లికేషన్ లాగ్‌లో 1202 నంబరు హెచ్చరిక వస్తుంది, ఏ పేరు దొరకలేదో విండోస్ ఫోల్డర్‌లోని సెక్యూరిటీ లాగ్స్‌లో ఉండే విన్‌లాగాన్ లాగ్ చెబుతుంది. వట్టి ఎస్ఐడీ విషయంలో ఆ సాయం కూడా ఉండదు.

ఇంపోర్ట్‌తో రానివాటిని విడిగా గుర్తుపెట్టుకోండి. లింకులు రావు. పాలసీ ఎవరికి వర్తించాలో చెప్పే సెక్యూరిటీ ఫిల్టరింగ్ రాదు. దాన్ని మళ్లీ పెట్టేటప్పుడు ఆథెంటికేటెడ్ యూజర్స్‌ను పూర్తిగా తీసేస్తే, 2016 జూన్ నాటి సెక్యూరిటీ అప్‌డేట్ తరువాత యూజర్ పాలసీలను కూడా కంప్యూటర్ ఖాతాయే చదువుతుంది కాబట్టి, పాలసీ అసలు వర్తించదు. కనీసం డొమైన్ కంప్యూటర్స్‌కు రీడ్ అనుమతి ఉంచాలి. మెషీన్ లక్షణాలను బట్టి పాలసీ వర్తించాలో లేదో తేల్చే డబ్ల్యూఎంఐ ఫిల్టర్లను విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఫైన్-గ్రెయిన్డ్ పాస్‌వర్డ్ పాలసీలు (కొందరు యూజర్లకు, గ్రూపులకు వేరుగా పెట్టే పాస్‌వర్డ్ నియమాలు) అసలు గ్రూప్ పాలసీలే కావు, డైరెక్టరీలో వేరే చోట ఉండే వస్తువులు, వాటిని చేతితో తిరిగి కట్టాలి. మామూలు పాస్‌వర్డ్ పాలసీని ఓయూకు లింక్ చేస్తే ఆ సర్వర్లలోని లోకల్ ఖాతాలకే పడుతుంది, డొమైన్ ఖాతాలకు కావాలంటే డొమైన్ రూట్‌కే (ఓయూలన్నిటికీ పైన ఉండే స్థాయికి) లింక్ చేయాలి.

ప్రిఫరెన్సులను (డ్రైవ్ మ్యాపింగ్ వంటివి పెట్టే గ్రూప్ పాలసీలోని మరో భాగాన్ని) మైగ్రేషన్ టేబుల్ తాకదు. మ్యాప్ చేసిన డ్రైవ్ దారులు, ఐటెమ్-లెవెల్ టార్గెటింగ్‌లోని గ్రూపులు పాతవే ఉంటాయి. అక్కడ ఇంకొక ప్రమాదం కూడా ఉంది. 2014లో మైక్రోసాఫ్ట్ అడ్డుకట్ట వేయకముందు ప్రిఫరెన్సుల్లో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టడం మామూలు. దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసిన తాళంచెవి బహిరంగంగా ప్రచురితమై ఉంది కనుక అది దాచినట్టు కాదు. పాత బ్యాకప్‌లోని ఎక్స్ఎంఎల్ ఫైళ్లలో సీపాస్‌వర్డ్ అన్న మాట కోసం వెతికి, దొరికితే ఆ పాలసీని తేకుండా, లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌లను నిర్వహించే విండోస్ ల్యాప్స్‌తో ఆ పని చేయించాలి.

పరీక్షకు వారం ముందు ఈ మొత్తం తరలింపును పవర్‌షెల్‌తో, కాగితం చూడకుండా, మూడుసార్లు చేశాను: బ్యాకప్-జీపీఓ, ఇంపోర్ట్-జీపీఓ, దానికి మైగ్రేషన్ టేబుల్ పారామీటర్, ఆపైన న్యూ-జీపీలింక్. పరీక్ష మధ్యలో మైక్రోసాఫ్ట్ లెర్న్ తెరిచి చూసుకోవచ్చు కానీ గడియారం ఆగదు. పారామీటర్ స్పెల్లింగ్ చూసుకోవడానికి అది పనికొస్తుంది, ట్రస్ట్ లేనప్పుడు కాపీ ఎందుకు కుదరదో అప్పుడు నేర్చుకోవడానికి సమయం చాలదు. కేస్ స్టడీ భాగం ముగించి ముందుకు వెళితే మళ్లీ వెనక్కి రాలేం కాబట్టి, నేను అందులో ముందుగా రెండు డొమైన్లకు ట్రస్ట్ ఉందని రాశారా లేదా అన్నదే వెతికేవాణ్ని.

ల్యాబ్ కట్టేవారు చివరగా ఈ ఒక్కటి చేయండి. ఇంపోర్ట్ అయ్యాక మెంబర్ సర్వర్ మీద సెక్‌ఎడిట్ ఎక్స్‌పోర్ట్ కమాండ్ ఇచ్చి, వచ్చిన ఫైలులో పాత డొమైన్ ఎస్ఐడీ ముందు భాగం కోసం వెతకండి. నాకు మొదటిసారి నాలుగు చోట్ల దొరికింది, అందులో మూడు డినై హక్కులే.