జీ-ఫంక్: జారే స్వరం ఎక్కడి నుంచి వచ్చింది

జీ-ఫంక్ అంటే 1990ల మొదట్లో కాలిఫోర్నియాలోని లాస్ ఏంజిలస్‌లో, ఫంక్ అనే పాత నల్లజాతి నృత్యసంగీతం మీద కట్టిన హిప్‌హాప్ ధోరణి. ఆ పాటను మొదటిసారి విన్నప్పుడు చెవికి ముందుగా తగిలేది, మాటలను లయలో చెప్పుకుపోయే ర్యాపర్ గొంతు కాదు. ఆ గొంతుకు పైన ఎక్కడో సన్నగా, తెగకుండా, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతూ సాగే సింథసైజర్ ధ్వని ముందు తగులుతుంది. నల్లగొండలో నా దగ్గర కీబోర్డు నేర్చుకునే పిల్లలు బరాత్ డీజేల రీమిక్సుల్లోనో, ఫోన్లో చూసే చిన్న వీడియోల్లోనో దాన్ని విని, "సార్, ఆ సన్నగా సాగే సౌండు ఏ టోన్‌ల ఉంటది?" అని అడుగుతుంటారు. టోను పేరు చెప్పి పంపేయవచ్చు. అయితే ఆ ఒక్క ధ్వని వెనక ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది, దక్కాల్సినవారికి సరిగా దక్కని పేరు కూడా ఉంది. అందుకే దీని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు పాట కట్టుబడి గురించి చెప్పాలి. జీ-ఫంక్ నెమ్మదైన సంగీతం. చాలా పాటలు నిమిషానికి 90 నుంచి 100 బీట్ల మధ్య నడుస్తాయి. అడుగున బేస్ లావుగా, గుండ్రంగా, తొందర లేకుండా కదులుతుంది. డ్రమ్ములో హంగామా ఉండదు. నాలుగు బీట్ల వరుసలో రెండో దానిమీద, నాలుగో దానిమీద స్నేర్ గానీ చప్పట్ల శబ్దం గానీ గట్టిగా పడుతుంది. బేస్‌కూ పైన జారే సన్నటి లీడ్‌కూ (పైన వినిపించే ముఖ్య బాణీకి) మధ్య కావాలనే చాలా ఖాళీ వదులుతారు. ర్యాపర్ గొంతు పెంచకుండా, మాటలను సాగదీస్తూ చెప్పుకుపోగలగడానికి కారణం ఆ ఖాళీయే. అదే కాలంలో న్యూయార్క్‌లో పబ్లిక్ ఎనిమీ వంటి బృందాలు ఒకదానిమీద ఒకటిగా శాంపిళ్లు (పాత రికార్డుల నుంచి తీసిన ముక్కలు) పేర్చి, సైరన్ల వంటి మోతలు కలిపి, వినేవాణ్ని ఉక్కిరిబిక్కిరి చేసే పాటలు కట్టాయి. వాటి పక్కన పెట్టి వింటే, జీ-ఫంక్ కట్టినవారు ఏమేమి వద్దనుకున్నారో బాగా అర్థమవుతుంది.

ఇక ఆ జారుడు సంగతి. 1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజర్ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. మూడు మీటలు కలిపి నొక్కినా మూడు స్వరాలు కలిసి మోగవు, అంటే కార్డ్ రాదు. ఈ పరిమితే దానికి బలమైంది. దానిలో గ్లైడ్ అనే నాబ్ ఒకటుంది. దాన్ని కొద్దిగా తిప్పి, ఒక మీట నొక్కి, తరువాత మరో మీట నొక్కితే శబ్దం మొదటి స్వరం నుంచి రెండో స్వరానికి గెంతదు, మధ్యలో ఉన్న శ్రుతులన్నిటినీ తాకుతూ వెళ్తుంది. నాబ్ ఎక్కువ తిప్పితే ప్రయాణం నెమ్మదిస్తుంది, తక్కువ తిప్పితే చురుకవుతుంది. ఇప్పటి కీబోర్డుల్లో దీన్ని పోర్టమెంటో అంటారు. నేర్చుకునే పిల్లలు సాధారణంగా గ్లైడ్ మరీ ఎక్కువ పెట్టేస్తారు, దాంతో స్వరం ఎప్పటికీ తన చోటికి చేరదు, శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. తగ్గించి, మోనో (ఒకసారికి ఒక్క స్వరం) పెట్టి, సాదా వేవ్ తీసుకుని, దానికి కొద్దిపాటి వైబ్రేటో (స్వరంలో సన్నటి వణుకు) కలిపి, రెండు ఆక్టేవ్‌లు (స్థాయిలు) పైకి వెళ్లి నాలుగైదు స్వరాలతోనే వాయించమని చెబుతాను. మా వైపు ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి జమిడికను దగ్గరగా విన్నవారికి ఈ పని వెంటనే బోధపడుతుంది. చంకలో ఇరికించుకున్న ఆ వాద్యానికి చర్మం నడుమ నుంచి వచ్చే నరాన్ని ఒక చేత్తో బిగిస్తూ, వదులుతూ, మరో చేత్తో మీటుతారు. బిగించే కొద్దీ శ్రుతి పైకి పాకుతుంది. ఆ పాకడంలోనే కథకుడి ప్రశ్న, వెక్కిరింపు, దుఃఖం పలుకుతాయి. జీ-ఫంక్ లీడ్ చేసే పనీ అదే. ర్యాపర్ నిబ్బరంగా చెప్పే మాటల వెనక అతడు చెప్పని ఆందోళనను అది చెబుతుంది.

ఈ స్వరం పుట్టింది కాలిఫోర్నియాలో కాదు, అమెరికా నడిమి రాష్ట్రమైన ఒహాయోలో. డేటన్ పట్టణానికి చెందిన ఒహాయో ప్లేయర్స్ బృందం 1972 నాటి ఆల్బమ్‌లో 'ఫంకీ వార్మ్' అనే పాట చేసింది. దానిలో పురుగు గొంతుగా వినిపించేది ఆర్ప్ సింథసైజర్ మీద వాల్టర్ 'జూనీ' మారిసన్ వాయించిన సన్నటి జారుడు లీడ్. అది నవ్వించడానికి చేసిన పాట. పదిహేనేళ్ల తరువాత అదే శబ్దాన్ని లాస్ ఏంజిలస్ వైపు ర్యాప్ బృందం ఎన్.డబ్ల్యు.ఏ. తన 'డోప్‌మ్యాన్' పాటలో శాంపిల్‌గా వాడింది. మాదకద్రవ్యాలు అమ్మేవాడి కథ వెనక అది వినిపించేసరికి నవ్వు పోయి బెదురు మిగిలింది. స్వరాలు మారలేదు, చుట్టూ ఉన్న కథ మారింది. జీ-ఫంక్ రసమంతా ఈ ఒక్క మార్పులో ఉందని నా నమ్మకం.

బేస్ వైపు రుణం జార్జ్ క్లింటన్ నడిపిన పార్లమెంట్, ఫంకడెలిక్ బృందాలది. పార్లమెంట్ పాట 'ఫ్లాష్ లైట్' 1978లో అమెరికాలోని ఆర్ అండ్ బీ (నల్లజాతి పాప్ సంగీతం) పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. దానిలో బేస్ గిటార్ చేయవలసిన పనిని బెర్నీ వోరెల్ మినీమూగ్ మీద చేశారు. తీగకు సాధ్యం కాని లోతు, మీగడ వంటి నునుపు ఆ బేస్‌కు వచ్చాయి. మూడో రుణం మళ్లీ ఒహాయోదే. హామిల్టన్ పట్టణం నుంచి వచ్చిన జాప్ బృందపు రోజర్ ట్రౌట్‌మన్, నోట్లో పెట్టుకున్న గొట్టం ద్వారా కీబోర్డు శబ్దాన్ని మాటలుగా మలిచే టాక్ బాక్స్‌తో పాడేవారు. 1980 నాటి 'మోర్ బౌన్స్ టు ది ఔన్స్' లాస్ ఏంజిలస్ పార్టీలలో ఏళ్ల తరబడి మోగింది. జూనీ, బెర్నీ, రోజర్ ముగ్గురి పేర్లూ నా శిష్యులందరికీ తెలియాలని కోరుకుంటాను. ముగ్గురూ కీబోర్డు వాద్యకారులే కదా.

లాస్ ఏంజిలస్ ఈ ఫంక్‌ను వదలకపోవడానికి కారణాలున్నాయి. టెక్సస్, లూసియానా వంటి దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతి కుటుంబాలు రెండో ప్రపంచయుద్ధ కాలంలోనూ ఆ తరువాతా ఫ్యాక్టరీ పనులకు అక్కడికి తరలివెళ్లాయి. పాలమూరు నుంచి పనికి తరలిపోవడం తెలిసిన మనకు, మనుషులతోపాటు పాటలూ మూటగట్టుకుని వెళ్తాయని వేరే చెప్పనక్కరలేదు. తరువాత ఆ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. సౌత్ గేట్‌లోని జనరల్ మోటార్స్ కర్మాగారం 1982లో ఆగిపోయింది. ఎనభైలలో క్రాక్ కొకైన్ అనే మత్తుమందు, ముఠాల తగాదాలు, పోలీసుల దౌర్జన్యం ఆ పేటలను కుదిపేశాయి. 1992 ఏప్రిల్ 29న, రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని కొట్టిన పోలీసు అధికారులను కోర్టు విడిచిపెట్టాక, నగరం తగలబడింది. ఈ నేపథ్యంలో వచ్చిన సంగీతం అంత నింపాదిగా, ఎండకాచిన సాయంత్రంలో కారు నడిపినట్టుగా ఎందుకు ఉందో ఆలోచించాలి. ఆ నగరంలో పాట వినే ప్రధాన స్థలం కారే. హైడ్రాలిక్ పంపులతో పైకీ కిందికీ ఆడే లోరైడర్ కార్లను మెక్సికన్ అమెరికన్లు, నల్లజాతి యువకులు ఎంతో ప్రేమగా తయారుచేసుకుని, క్రెన్‌షా బులెవార్డ్ వంటి వీధుల్లో నెమ్మదిగా తిప్పేవారు. డిక్కీలో పెట్టిన పెద్ద స్పీకర్లకు తగినట్టు బేస్ ఉండాలి, కారు నడకకు తగినట్టు పాట నడవాలి.

ఎన్.డబ్ల్యు.ఏ.లో ఒకరైన ర్యాపర్, సంగీత నిర్మాత డాక్టర్ డ్రే ఈ పదార్థాలన్నిటినీ ఒకచోట చేర్చారు. 1991లో వచ్చిన ఎన్.డబ్ల్యు.ఏ. రెండో ఆల్బమ్‌లోని 'ఆల్వేజ్ ఇంటు సమ్‌థిన్' పాటలోనే ఆ సన్నటి లీడ్ స్పష్టంగా వినిపిస్తుంది. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్ కోర్టు, బిజ్ మార్కీ అనే ర్యాపర్ అనుమతి లేకుండా శాంపిల్ వాడారన్న కేసులో కఠినమైన తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి శాంపిల్ అంటే ఖర్చు, భయం. పాత రికార్డు ముక్కను వాడితే పాట హక్కుదారుకూ, రికార్డింగ్ హక్కుదారుకూ ఇద్దరికీ చెల్లించాలి. అదే బాణీని స్టూడియోలో కొత్తగా వాయిస్తే మొదటివారికి ఇస్తే సరిపోతుంది. అయితే డ్రే ఎంచుకున్న పద్ధతిని డబ్బు లెక్కతో మాత్రమే చూడడం అన్యాయం. కొత్తగా వాయించినప్పుడు ప్రతి వాద్యమూ విడిగా చేతికందుతుంది. బేస్‌ను లావు చేయవచ్చు, వద్దనుకున్నదాన్ని తీసేయవచ్చు. 1992 డిసెంబరు 15న డెత్ రో అనే రికార్డు సంస్థ నుంచి వెలువడిన డ్రే ఆల్బమ్ 'ది క్రానిక్'లో ఆ శుభ్రత వినిపిస్తుంది. కొలిన్ వోల్ఫ్ బేస్, కీబోర్డులు వాయించారు. 'నథిన్ బట్ ఎ జీ థాంగ్' పాటకు ఆధారం లియాన్ హేవుడ్ 1975లో పాడిన ప్రేమగీతం. 'లెట్ మీ రైడ్' పార్లమెంట్ బాణీ మీద కట్టింది, దానికి 1994లో గ్రామీ అవార్డు వచ్చింది. 'ది క్రానిక్' వచ్చిన మరుసటి ఏడాది, 1993 నవంబరులో వచ్చిన ర్యాపర్ స్నూప్ డాగ్ తొలి ఆల్బమ్ అమ్మకాల పట్టికలో నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టింది.

ఇంతవరకే చెప్పి ఆపేవారు చాలామంది. ఆపకూడదు. లాస్ ఏంజిలస్‌కు తూర్పున ఉన్న పొమోనా పట్టణం నుంచి వచ్చిన అబౌవ్ ది లా అనే బృందం, ఎన్.డబ్ల్యు.ఏ. పనిచేసిన రూత్‌లెస్ రికార్డు సంస్థలోనే ఉండేది. దాని సూత్రధారి బిగ్ హచ్. ఆయన మోటౌన్ రికార్డు సంస్థ సంగీతకారుడు విల్లీ హచ్‌కు మేనల్లుడో కొడుకు వరసో అయ్యే దగ్గరి బంధువు, ఫంక్ ఆయనకు ఇంటి సంగీతం. వారి 1990 నాటి తొలి ఆల్బమ్‌కు డ్రే కూడా పనిచేశారు, అంటే ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని పనిచేసినవారే. పార్లమెంట్ ఛాయలు నిండిన వారి 'బ్లాక్ మాఫియా లైఫ్' 1993 ఫిబ్రవరిలో, 'ది క్రానిక్' తరువాత వచ్చింది. పని ముందే జరిగిందనీ, ఈ ధోరణి తమదేననీ బిగ్ హచ్ బాహాటంగా చెబుతూ వచ్చారు. రెండు ఆల్బమ్‌లూ పక్కపక్కన విన్నాక నాకు తోచింది ఇది: అబౌవ్ ది లా పాటల్లో ఫంక్ దట్టంగా, పచ్చిగా ఉంది. డ్రే దాన్ని వడకట్టి, ఖాళీ ఇచ్చి, లోకానికి వినిపించేలా చేశారు. ఆ రెండో పని చిన్నది కాదు, కానీ మొదటి పని లేకుండా అది జరగదు. లాస్ ఏంజిలస్ పక్కనున్న కాంప్టన్ పట్టణానికి చెందిన డీజే క్విక్ 1991లోనే చేసిన ఫంక్ నిండిన ఆల్బమ్‌ను కూడా ఈ లెక్కలోంచి తీసేయడానికి వీల్లేదు.

ఈ ధోరణిలో నాకు అందరికన్నా ఇష్టమైనవారు, లాస్ ఏంజిలస్ పక్కనున్న లాంగ్ బీచ్ కుర్రాళ్లు. డ్రేకు సవతి తమ్ముడైన వారెన్ జీ, స్నూప్, నేట్ డాగ్ కలిసి 213 పేరుతో పాడుకునేవారు. స్నూప్ గొంతు డ్రే దాకా చేరింది వారెన్ జీ చేతుల మీదుగానే. 1994లో వచ్చిన 'రెగ్యులేట్' పాటకు ఆధారం మైకేల్ మెక్‌డొనాల్డ్ 1982 నాటి మెత్తటి పాట. దారిదోపిడీ కథను వారెన్ ర్యాప్‌గా చెబుతుంటే, చిన్నప్పుడు చర్చిలో పాడిన నేట్ డాగ్ తన వంతు కథను రాగం తీసి పాడతారు. నేట్ గొంతులో కంగారు లేదు, గమకాల ప్రదర్శన లేదు, నిలకడగా ఒక్క దారిన వస్తుంది. ర్యాప్‌కూ పాటకూ మధ్య గోడ అక్కడ కూలింది.

ఈ పాటల మాటల గురించి మౌనంగా ఉండలేను. ఆడవాళ్లను కించపరిచే మాటలు వీటిలో విస్తారంగా ఉన్నాయి, హింసను గొప్పగా చెప్పుకోవడమూ ఉంది. సి. డెలోరస్ టక్కర్ వంటి నల్లజాతి మహిళా నాయకురాలే వీటిపై ఉద్యమించారు. ఆ ఒత్తిడి నడుమ 1995లో టైమ్ వార్నర్ సంస్థ, డెత్ రో పాటలను పంపిణీ చేసే ఇంటర్‌స్కోప్‌లో తన వాటాను అమ్ముకుంది. సంగీతం గొప్పదైనంత మాత్రాన ఆ మాటలు ఒప్పయిపోవు. అందుకే పిల్లలకు వాద్యభాగాలే వినిపిస్తాను, మాటలను వారితో పాడించను. పెద్ద పిల్లలు అడిగితే, ఆ మాటలు ఎటువంటి వీధుల నుంచి వచ్చాయో, వాటివల్ల ఎవరు నొచ్చుకున్నారో రెండూ చెబుతాను.

1996లో డ్రే డెత్ రోను వదిలారు, ఆ సెప్టెంబరులో డెత్ రో ర్యాపర్ టుపాక్ హత్యకు గురయ్యారు, దానితో ఈ ధోరణి పెద్ద వెలుగు తగ్గింది. అంతకు కొద్దికాలం ముందే టుపాక్, డ్రేల 'కాలిఫోర్నియా లవ్' పాటలో రోజర్ ట్రౌట్‌మన్ స్వయంగా టాక్ బాక్స్ వాయించి పాడారు. మూలపురుషుడిని పిలిచి, పక్కన నిలబెట్టుకుని చేసిన పాట అది. 2015లో కాంప్టన్ ర్యాపర్ కెండ్రిక్ లమార్ తన ఆల్బమ్ మొదటి పాటకే జార్జ్ క్లింటన్‌ను పిలిచారు. నా దగ్గర నేర్చుకునేవారికి వినే వరుస కూడా ఇలాగే పెడతాను: ముందు 'ఫంకీ వార్మ్', తరువాత 'ఫ్లాష్ లైట్', ఆ పైన అబౌవ్ ది లా, అప్పుడే 'ది క్రానిక్'. వరుస తిరగేసి విన్నవారు ఆ లీడ్‌ను డ్రే కనిపెట్టారనే అనుకుంటారు. ఈ వరుసలో విన్నవారు మాత్రం డ్రే పాట మొదలయ్యీ కాకముందే, "ఇది జూనీ వాయించిందే కద సార్" అంటారు.