అప్‌గ్రేడ్ అయ్యాక నెట్ రావట్లేదా? కార్డు మార్చే ముందు ఇవి చూడండి

లినక్స్ కొత్త వెర్షన్‌కి మారగానే నెట్ ఆగిపోతే నెట్‌వర్క్ కార్డు పోయిందనుకోకండి. రీబూట్ చేసి, మొదట్లో వచ్చే గ్రబ్ (బూట్) మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌ని (లినక్స్‌కి గుండెలాంటి ప్రోగ్రామ్) ఎంచుకోండి. అందులో నెట్ వస్తే కార్డూ కేబులూ బాగున్నట్టే.

మళ్లీ కొత్త కెర్నల్‌లోకి వచ్చి పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ని ‘ఎన్ఎన్‌కే’ ఆప్షన్‌తో నడపండి. ఈథర్నెట్ కంట్రోలర్ కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైన్ ఉందో లేదో చూడండి. లేకపోతే డ్రైవర్, అంటే కార్డుని నడిపే ప్రోగ్రామ్, ఎక్కలేదు.

రియల్‌టెక్ 8111, 8168 చిప్‌ల దగ్గర ఒక చిక్కుంది. వీటికి కెర్నల్‌లోనే ఆర్8169 డ్రైవర్ ఉంటుంది. దానికి బదులు ఆర్8168 డీకేఎంఎస్ (కెర్నల్ బయటి డ్రైవర్లను కంపైల్ చేసే పద్ధతి) ప్యాకేజీ వేస్తే, అది ఆర్8169ని బ్లాక్‌లిస్ట్ చేస్తుంది, అంటే లోడ్ అవనివ్వదు. కెర్నల్ మారినప్పుడల్లా ఆర్8168ని మళ్లీ కంపైల్ చేయాలి. కొత్త కెర్నల్ హెడర్లు (కంపైల్‌కి కావాల్సిన ఫైళ్లు) లేకపోయినా, డ్రైవర్ కోడ్ ఆ కెర్నల్‌కి పాతబడిపోయినా కంపైల్ అవదు. అప్పుడు కార్డుకి రెండు డ్రైవర్లూ ఉండవు. డీకేఎంఎస్ స్టేటస్‌లో పాత కెర్నల్ నంబరు మాత్రమే కనిపిస్తే కారణం ఇదే. ఆర్8169తో సరిపోతుందనుకుంటే ఆ ప్యాకేజీని తీసేయడమే మేలు. రిమూవ్ చేస్తే చాలదు, సెట్టింగ్ ఫైళ్లతో సహా తీసేసే పర్జ్ చేయాలి. ఎందుకంటే రిమూవ్‌తో బ్లాక్‌లిస్ట్ ఫైలు మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో అలాగే ఉండిపోతుంది. తర్వాత ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో కెర్నల్ వాడే ఫైళ్ల మూట) అప్‌డేట్ చేసి రీబూట్ చేయండి.

ఆర్8168నే ఉంచుకోవాలంటే హెడర్లు కావాలి. నెట్ లేకుండా ఎలా అంటారా? ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెదరింగ్ ఆన్ చేస్తే చాలావరకు పని జరిగిపోతుంది. మాడ్యూల్ కంపైల్ అయినా లోడ్ అవకపోతే సెక్యూర్ బూట్ వైపు చూడండి. సంతకం లేని మాడ్యూల్‌ని అది లోపలికి రానివ్వదు.

డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల లాగ్) ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) లోడ్ అవలేదంటూ ‘ఎర్రర్ -2’ కనిపిస్తే అర్థం ఒకటే: కెర్నల్ వెతికిన చోట ఆ ఫైలు లేదు. డెబియన్ లినక్స్ 11 నుంచి 12కి వచ్చినవాళ్లు సోర్సెస్ లిస్ట్ (ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే ఫైలు) తప్పక చూసుకోవాలి. 2023లో వచ్చిన 12వ వెర్షన్‌లో ఫర్మ్‌వేర్ ప్యాకేజీలను ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అనే వేరే విభాగంలోకి మార్చారు. లిస్ట్‌లో పాత ‘నాన్-ఫ్రీ’ ఒక్కటే ఉంటే ఫర్మ్‌వేర్ పాత వెర్షన్‌లోనే ఆగిపోతుంది.

డ్రైవర్ ఎక్కింది, ఎర్రర్లు లేవు, అయినా ఐపీ అడ్రస్ రాలేదా? ‘ఐపీ లింక్’ కొట్టి ఇంటర్‌ఫేస్ పేరు చూడండి. కాన్ఫిగరేషన్‌లో ఈఎన్‌పీ3ఎస్0 అని ఉండి, ఇప్పుడు ఈఎన్‌పీ4ఎస్0 అయి ఉండొచ్చు. ‘పీ’ తర్వాతి అంకె పీసీఐ బస్ (కార్డు కలిసే దారి) నంబరు, అది మారితే పేరూ మారుతుంది. ఫైల్లో కొత్త పేరు రాస్తే ఇప్పటికి నడుస్తుంది. సర్వర్ అయితే మాత్రం సిస్టమ్‌డీ లింక్ ఫైల్లో కార్డు మ్యాక్ అడ్రస్‌కి (హార్డ్‌వేర్ గుర్తింపు సంఖ్య) ‘ల్యాన్0’ లాంటి సొంత పేరు కట్టేసి, కాన్ఫిగరేషన్‌లోనూ అదే వాడండి. ‘ఈటీహెచ్0’ అని పెట్టకండి, కెర్నల్ ఇచ్చే పేర్లతో తగాదా వస్తుంది.