చిహయఫురు చూశాక మొదలుపెట్టిన కరుతా: ఇప్పటిదాకా సాధన

కరుతా అంటే నూరు జపనీస్ పద్యాలతో ఆడే కార్డుల ఆట: ఒకరు పద్యం చదువుతుంటే, దాని రెండో సగం ఉన్న కార్డుని అవతలివాళ్లకంటే ముందు చెయ్యి వేసి అందుకోవాలి. చిహయఫురు అనే అనిమే ఈ ఆట గురించే. ఒక్క అక్షరం కార్డులు ఏడూ వచ్చేశాయి: ము, సు, మె, ఫు, స, హొ, సె. నూరు పద్యాల్లో ఈ అక్షరాలతో మొదలయ్యేవి ఒక్కొక్కటే, కాబట్టి ఆ ఒక్కటి చెవిన పడితే చాలు, మిగతా పద్యం వినక్కర్లేదు, చెయ్యి వెళ్లిపోవచ్చు.

చిహయఫురు మొదటి సీజన్ (మ్యాడ్‌హౌస్ వాళ్లు 2011లో తీశారు) చూసినవాళ్లకి ఎక్కువగా గుర్తుండేది కథానాయిక చిహయ చెయ్యి విసిరితే కార్డులు గాల్లోకి ఎగరడం. కార్డులు ముందేసుకుని కూర్చుంటే మాత్రం ఆ అమ్మాయి చెవి ఎంత గొప్పదో అర్థమవుతుంది. ఫు అనే ముందు చదివేవాళ్ల పెదాల మధ్య నుంచి వచ్చే గాలి, స, సు, సె మూడింటికీ ముందు వచ్చే ఆ సన్నని ‘స్’... అచ్చు పలక్కముందే అవి వినబడతాయి. నేను ఇప్పుడు రోజూ చేసేది ఇదే, రికార్డింగ్ పెట్టుకుని కళ్లు మూసుకుని ఆ మొదటి శబ్దం కోసమే వినడం. అంతకుముందు చదివిన పద్యం చివరి సగం మళ్లీ చదివి, ఆఖరి అక్షరాన్ని సాగదీసి, ఒక్క సెకను ఆగి కొత్త పద్యం ఎత్తుకుంటారు. ఆ ఒక్క సెకనులో ఊపిరి బిగబట్టకూడదు, బిగబడితే భుజం బిగుసుకుపోతుంది.

కార్డు మీద ఉండేది పద్యం రెండో సగమే, అదీ హిరగానా అనే జపనీస్ లిపిలో, బ, గ, జ లాంటి శబ్దాలకి అందులో పెట్టే చుక్కలు లేకుండా. అసలు చిక్కంతా ఇక్కడుంది. ఫు పద్యం కార్డు ‘ము’ తో మొదలవుతుంది, ము పద్యం కార్డు ‘కి’ తో. ము వినగానే కన్ను ఫు కార్డు మీదకి పోతుంది, అందుకే ఈ రెంటినీ జంటగా కాకుండా విడివిడి రోజుల్లో నేర్చుకోవడం మేలు. ఇంకోటి, ము కార్డు, స కార్డు రెండూ ‘అకినో యూగురె’ అనే ముగుస్తాయి, శరత్కాలపు సాయంత్రం అని. అక్షరాలు నిలువుగా మూడు వరసల్లో, కుడి నుంచి ఎడమకి, మామూలుగా ఐదు, ఐదు, నాలుగు చొప్పున ఉంటాయి కదా, ఈ రెండు కార్డుల్లో ఎడమ వరస అచ్చంగా ఒకటే. కుడి వరస చూడ్డం అలవాటైతే గానీ ఇవి తేలవు. పైగా అవతలివాళ్ల కార్డులు మనకి తలకిందులుగా కనబడతాయి, కాబట్టి ప్రతి కార్డునీ రెండు వైపులా తిప్పి గుర్తుపెట్టుకోవాలి.

నేర్చుకునే వరస గురించి అడిగేవాళ్లకి: ఒకటో పద్యం నుంచి నూరో పద్యం దాకా పోవద్దు. గుర్తుపట్టడానికి ఎన్ని అక్షరాలు కావాలో, అంటే కిమరిజి ప్రకారం పోండి. ఒక్క అక్షరానివి 7, రెండువి 42, మూడువి 37, నాలుగువి 6, ఐదువి 2, ఆరువి 6. నేను ఇప్పుడు రెండక్షరాల వాటిలో ఉన్నాను.

ఆడేది హాల్లో జంపఖానా పరిచి, చెల్లి ఎదురుగా. గచ్చు మీద కార్డులు మంచాల కిందకి జారిపోతున్నాయి, జంపఖానా మీద అంత పోవు. కార్డులు పరిచే వెడల్పు 87 సెంటీమీటర్లు, దర్జీ టేపుతో కొలిచి సుద్దముక్కతో గీత పెట్టుకున్నాం. ఒక్కొక్కరికి 25 కార్డులు, మూడు వరసలు, రెండు పక్షాల మధ్య 3 సెంటీమీటర్ల ఖాళీ. మిగతా 50 నేల మీద ఉండవు గానీ చదువుతారు, అప్పుడు ఏ కార్డుని తాకినా తప్పే, శిక్షగా అవతలివాళ్లు తమ కార్డొకటి మనకి ఇచ్చేస్తారు. చదివిన కార్డు ఏ పక్షంలో ఉందో ఆ పక్షంలో పక్క కార్డులు తగిలినా తప్పు కాదు, అనిమేలో వరస వరసంతా ఎగిరేది అందుకే. గోళ్లు మాత్రం పూర్తిగా కత్తిరించుకోండి. నిజం ఆటలో గుర్తుపెట్టుకోవడానికి 15 నిమిషాలిస్తారు, మేమూ అంతే తీసుకుంటున్నాం, తగ్గిస్తే చెల్లికి టెన్షన్.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది కిమరిజి ఆట మధ్యలో మారిపోవడం. చి తో మూడు పద్యాలున్నాయి: చిహ, చిగిరికి, చిగిరిఒ. మొదట్లో ‘చిహయ’ అని మొదలయ్యే పద్యం కార్డుకి ‘చిహ’ దాకా ఆగాలి. ఆ చిగిరి పద్యాలు రెండూ చదివేశాక ఒక్క ‘చి’ చాలు. అవి నేల మీద లేని యాభైలో ఉన్నాసరే, చదివేదాకా ఆగాల్సిందే. అంటే ఎదురుగా ఉన్నవాటితో పాటు అప్పటిదాకా ఏమేం చదివారో కూడా తలలో ఉండాలి, ఆట సాగేకొద్దీ ఇదే కష్టం, ఇదే అందం కూడా. దీనికోసం వేరే సాధన పెట్టుకున్నాం: చి, హి, కి, ఇ అనే నాలుగు అక్షరాలతో మొదలయ్యేవి తలా మూడు, మొత్తం పన్నెండు కార్డులే పరిచి, ఒక్కొక్కటి చదివాక మిగిలినవాటికి ఇప్పుడు ఎన్ని అక్షరాలు కావాలో పైకి చెప్పడం. చెయ్యి కదపక్కర్లేదు, కాబట్టి వంటింట్లో కూర్చుని కూడా చేసుకోవచ్చు.

‘అ’ తో మొదలయ్యేవి పదహారు, అవి అన్నిటికంటే ఆఖర్న పెట్టుకున్నాను. వచ్చే నెల ‘న’ తో మొదలయ్యే కార్డులు ఎనిమిది, వాటితో పాటు ఎడమ వైపు కింది వరసకి చెయ్యి అడ్డంగా తీసుకెళ్లడం.