డాక్టరుకు చెప్పని ముక్క

పదకొండో రోజు ఉదయం మూత్రానికి వెళ్తే సన్నగా మంట. నీళ్లు సరిగా తాగలేదు, వేడి చేసిందని సర్దిచెప్పుకున్నాను. పదకొండో రోజని ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, అప్పటికే రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. కొత్తగా దగ్గరైన ఆమెతో ఆ రాత్రి కండోమ్ వాడలేదు. ఇద్దరిలో ఎవరమూ ఆ మాటే ఎత్తలేదు.

నాలుగు రోజులు చెంబులకు చెంబులు నీళ్లు తాగాను. మంట తగ్గలేదు సరికదా, ఒక పొద్దున లోదుస్తుల మీద గంజిచుక్క ఎండినట్టు చిన్న మరక కనిపించింది. దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని ఎంతసేపు చూశానో! ఇక అప్పటినుంచి గంటకోసారి బాత్‌రూమ్ తలుపు గడియ వేసుకోవడం, మళ్లీ ఏమైనా వస్తోందా అని నొక్కి చూసుకోవడం. అలా నొక్కుతుంటే మూత్రనాళం రేగి మంట ఇంకా పెరుగుతుందని తర్వాత తెలిసింది. రాత్రిళ్లు ఫోనులో వెతుకులాట. ఒకచోట కలయిక వల్ల సోకే గనేరియా, ఇంకోచోట కిడ్నీలో రాయి. అర్ధరాత్రి దాటితే మాత్రం ఎక్కడ మొదలుపెట్టినా హెచ్‌ఐవీ దగ్గరే తేలేవాణ్ని. ఆ భయంలోనే, ఎప్పుడో పంటినొప్పికి రాస్తే మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు మింగాను. ఈ వ్యవహారం మొత్తంలో నేను చేసిన అతి తెలివితక్కువ పని అదే.

మొదటి డాక్టరుకు మంట గురించి మాత్రమే చెప్పాను. ఆయన తప్పేమీ లేదు, విన్నదాన్ని బట్టి మూత్రం కల్చర్, అంటే అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష, రాశారు. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టమన్నారు. రెండు రోజుల తర్వాత వచ్చిన రిపోర్టులో చీముకణాలు ఉన్నాయి, క్రిములేవీ పెరగలేదు. నా మంట నాకు అలాగే ఉంది.

రెండో డాక్టరు ఒక పెద్దావిడ. తలెత్తకుండా రాసుకుంటూనే, "ఈమధ్య కొత్త భాగస్వామి ఎవరైనా? ఎప్పుడు? కండోమ్ వాడారా?" అని, బరువెంత అని అడిగినంత మామూలుగా అడిగారు. వారంగా గొంతులో అడ్డుపడినది మూడు ముక్కల్లో బయటికి వచ్చేసింది. మాత్రల సంగతి కూడా చెప్పాను.

"కల్చర్‌ను తప్పుదోవ పట్టించడానికి ఆ రెండు చాలు," అన్నారావిడ. "అయినా నా అనుమానం క్లమీడియా మీద, అదీ కలయిక వల్ల సోకేదే. అది మామూలు కల్చర్‌లో దొరకదు. మన కణాల లోపల మాత్రమే పెరిగే బ్యాక్టీరియా."

దానికీ గనేరియాకూ కలిపి న్యాట్ అనే జన్యుపరీక్ష రాశారు. ఈసారి సూచన పూర్తిగా తలకిందులు: కనీసం గంటసేపు మూత్రం ఆపుకుని, మొట్టమొదట వచ్చేదే కొద్దిగా పట్టాలి. నాళాన్ని కడుక్కుంటూ వచ్చేది అదే కదా. అంత విన్నా, డబ్బా పట్టుకుని అలవాటుగా మొదటిది వదిలేయబోయి చివరి క్షణంలో ఆగాను.

గనేరియా లేదు. క్లమీడియా ఉంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండు, 7 రోజులు. నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు. అన్ని రోజులూ కలయిక కూడదు. విచిత్రం ఏమిటంటే, వ్యాధికి ఒక పేరు దొరికిన ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

కష్టమైంది మందులు కాదు, ఆమెకు ఫోన్ చేయడం. "నాకేమీ లేదే," అంది. చాలామంది స్త్రీలలో ఇది ఏ లక్షణమూ చూపించదని, వదిలేస్తే గర్భాశయం దాకా పాకి తర్వాత పిల్లలు పుట్టడానికి అడ్డం కావచ్చని డాక్టరు చెప్పిందే చెప్పాను. అవతల చాలాసేపు మౌనం. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న ప్రశ్న ఇద్దరమూ వేయలేదు. మర్నాడు సాయంత్రం ఆమె నుంచి సందేశం: "శాంపిల్ ఇచ్చి వచ్చాను."

రెండో డాక్టరు దగ్గరికి వెళ్లిన మొదటి రోజే నా రక్తం తీశారు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ అనే ఇంకో సుఖవ్యాధి, రెండూ నెగటివ్. కానీ అంత తొందరగా వచ్చిన నెగటివ్‌ను నమ్మడానికి లేదట. హెచ్‌ఐవీకి ఆ రాత్రి నుంచి 45 రోజులు దాటాక ఒకసారి, సిఫిలిస్‌కు 3 నెలలప్పుడు మరోసారి చేయించుకున్నాను. క్లమీడియా మళ్లీ సోకిందేమోనన్న పరీక్ష కూడా ఆ 3 నెలలప్పుడే అయిపోయింది. ఏమీ లేవు.

మంట మందులు మొదలుపెట్టిన ఆరో రోజుకే పోయింది. గడియ వేసుకుని చూసుకునే అలవాటు పోవడానికి మాత్రం ఇంకో నెల పట్టింది.