ర్యామ్ పెరిగితే లీక్ అయినట్టేనా?

టాస్క్ మేనేజర్ తెరిచి, పొద్దున 150 ఎంబీ ఉంది సాయంత్రానికి 400 అయింది, మెమరీ లీక్ (ప్రోగ్రామ్ తీసుకున్న మెమరీని పనయ్యాక తిరిగి ఇవ్వకపోవడం) అని బగ్ రాసి పడేస్తారు చాలామంది, నాకు భలే చిరాకు. పెరిగిందల్లా లీక్ కాదండీ బాబూ. అన్‌డూ హిస్టరీ ఉంటుంది, క్యాష్ (మళ్ళీ పనికొస్తుందని దాచుకున్న డేటా) ఉంటుంది, మొదటిసారి ప్రింట్ డైలాగ్ తెరిస్తే ప్రింటర్ డ్రైవర్ డీఎల్ఎల్‌లు (కోడ్ ఫైళ్ళు) వచ్చి కూర్చుంటాయి, చాలావరకు మళ్ళీ కదలవు.

నేనైతే ఒకటే పని పట్టుకుంటా, సెట్టింగ్స్ డైలాగ్ తెరవడం, మూయడం, అంతే. ముందు కాసేపు ఊరికే తెరిచి మూసి, అప్పుడు అంకె రాసుకుని, ఓ 50 సార్లు చేసి మళ్ళీ రాసుకుని, ఇంకో 50. రెండో 50కి కూడా అంతే పెరిగితే అనుమానం గట్టిదే, ఎక్కడో ఆగిపోతే క్యాష్ అయ్యుంటుంది. చూడాల్సింది మామూలు మెమరీ కాలమ్ కాదు, డీటెయిల్స్ ట్యాబ్‌లో కమిట్ సైజ్, అంటే ప్రోగ్రామ్ తనకోసం తీసిపెట్టుకున్న మొత్తం. ఎందుకంటే మామూలు కాలమ్ చూపించేది వర్కింగ్ సెట్, అంటే ఇప్పుడు ర్యామ్‌లో ఉన్న భాగం, దాన్ని విండోస్ తనకి అవసరమైతే తనే తగ్గించేస్తుంది, మన ప్రోగ్రామ్ ఒక్క బైటు వదలకపోయినా తగ్గినట్టే కనిపిస్తుంది.

ఇదంతా ఒక ఎత్తు, జీడీఐ ఆబ్జెక్ట్స్ ఒక ఎత్తు. విండోస్‌లో తెరమీద గీయడానికి ప్రోగ్రామ్ వాడే పెన్నులు, బ్రష్‌లు, ఫాంట్లు, బిట్‌మ్యాప్‌లు అన్నమాట, మామూలుగా ఒక ప్రాసెస్‌కి 10,000 దాకే. అది నిండితే ర్యామ్ ఎంత ఖాళీగా ఉన్నా బటన్లు సగమే గీస్తుంది, మెనూ నల్లగా వస్తుంది, ఐకాన్లు మాయం, యూజరేమో గ్రాఫిక్స్ కార్డు పోయిందంటాడు! అదే ట్యాబ్‌లో హెడ్డింగ్ మీద రైట్ క్లిక్ కొట్టి ఆ కాలమ్ పెట్టుకోండి. డైలాగ్ తెరిచి మూసిన ప్రతిసారీ సరిగ్గా రెండేసి పెరుగుతున్నాయంటే కోడ్‌లో ఫాంట్ తయారుచేసే క్రియేట్‌ఫాంట్‌లు రెండిటికి, దాన్ని తీసేసే డిలీట్‌ఆబ్జెక్ట్ లేదేమో ముందు చూడండి. పెన్ను, బ్రష్ అయితే ఇంకో తిరకాసు, డీసీలో (డివైస్ కాంటెక్స్ట్, బొమ్మ గీయడానికి విండోస్ ఇచ్చేది) సెలెక్ట్ అయి ఉండగా డిలీట్ చేయకూడదు, పాతదాన్ని తిరిగి పెట్టాకే చేయాలి.

డాట్‌నెట్‌లో (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ ప్లాట్‌ఫామ్) రాసిన ప్రోగ్రామ్‌తో మాత్రం తొందరపడొద్దు. వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ తీరిగ్గా వస్తుంది కాబట్టి మెమరీ గ్రాఫ్ రంపం పళ్ళలా ఉంటుంది, పై కొనలు వదిలేసి కింది కొనలు పైకి జరుగుతున్నాయా చూడాలి. జరుగుతుంటే విజువల్ స్టూడియోలో రెండు హీప్ స్నాప్‌షాట్లు (అప్పటికి మెమరీలో ఏ ఆబ్జెక్ట్‌లు ఉన్నాయో చూపే జాబితా) తీసి పోల్చండి, మూసేసిన ఫారమ్‌లని (విండోలని) ఏదో స్టాటిక్ ఈవెంట్, అంటే ప్రోగ్రామ్ ఉన్నంతసేపూ ఉండే ఈవెంట్, ఇంకా పట్టుకుని ఉండటం కనబడుతుంది చాలాసార్లు.