ఒక పొర గట్టిపడేదాకా

రేపు మధ్యాహ్నం భోజనానికి ఎనిమిది మంది వస్తున్నారు. వాళ్లు వచ్చాక వంటగదిలో పని మిగలకూడదనీ, నేను కూడా అందరి మధ్య తీరిగ్గా కూర్చోవాలనీ అనుకుని, భోజనం తరువాత పెట్టే తీపిని ఇవాళే చేసి ఫ్రీజర్‌లో పెట్టాను. అడుగున వెన్న కలిపిన బిస్కెట్ పొడి, దానిమీద వెనిలా ఐస్‌క్రీమ్, ఆపైన స్ట్రాబెరీ గుజ్జు, అన్నిటికన్నా పైన గిలకొట్టిన క్రీమ్.

లోతైన బ్రెడ్ టిన్నులో పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని అంచులు దాటి వేలాడేలా పరిచాను. రేపు ఆ అంచులు పట్టుకుని ఎత్తితేనే మొత్తం విరగకుండా బయటికి వస్తుంది. ఐస్‌క్రీమ్‌ను మాత్రం గరిటెకు లొంగేంత మెత్తబడగానే వేసేశాను. పూర్తిగా కరిగితే అందులోని గాలి పోతుంది, తిరిగి గడ్డకట్టేటప్పుడు నీరు పెద్ద పలుకులుగా మారి నాలుకకు ఇసుకలా తగులుతుంది.

నాకు బెంగంతా పండ్ల పొర గురించే. పోయినసారి తీపి ఎక్కువవుతుందేమోనని చక్కెర తగ్గించాను. ఆ గుజ్జు రాయిలా బిగుసుకుపోయి, కత్తి దిగక, ముక్క కోసేటప్పుడు పొరలు దేనికది ఊడి వచ్చాయి. నీటిని పూర్తిగా గడ్డకట్టనీయకుండా ఆపేది చక్కెరే. పైగా చల్లటి పదార్థంలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది. అందుకని ఈసారి గుజ్జును సరిపడా చక్కెరతో చిక్కబడేదాకా ఉడికించి, వెచ్చగా ఉన్నప్పుడు రుచి కాస్త అతిగా అనిపించినా అలాగే ఉంచి, పూర్తిగా చల్లారాకనే పోశాను.

పొరకూ పొరకూ మధ్య గంట సేపు ఆగాలి. వేలితో నొక్కితే గుంట పడకుండా ఉన్నప్పుడే తరువాతి పొర వేయాలని నాకు బాగా తెలుసు. అయినా ఐస్‌క్రీమ్ మీద గుజ్జు పోసేటప్పుడు తొందరపడి నలభై నిమిషాలకే టిన్ను బయటికి తీశాను. ఒక మూల ఎరుపు తెలుపులోకి జారింది. అది చూసి మనసు చివుక్కుమంది, ఎందుకంటే కోసినప్పుడు గీత గీసినట్టు కనిపించే పొరలే ఈ వంటకానికి అందం. ఆ మూల ముక్కను నా పళ్లెంలో వేసుకుంటాను.

క్రీమ్ గట్టిపడ్డాక, మధ్యలో గాలి చేరి పైన మంచు పట్టకుండా ప్లాస్టిక్ కాగితాన్ని దానికి ఆనేలా కప్పాను. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంది. వడ్డించడానికి ఇరవై నిమిషాల ముందు టిన్నును కింది ఫ్రిజ్‌లోకి మార్చాలి, ప్రతి ముక్కకూ కత్తిని వేడినీళ్లలో ముంచి తుడవాలి. ఆ నీళ్ల కోసం ఫ్లాస్కు కడిగి, బల్లమీద బోర్లించి వచ్చాను.