క్షేమాయ పునరాగమనాయ చ

వినాయక చవితి పూజలో ప్రాణప్రతిష్ఠ కాగానే చదివే శ్లోకం ఒకటుంది.

స్వామిన్ సర్వజగన్నాథ యావత్పూజావసానకమ్
తావత్త్వం ప్రీతిభావేన బింబేఽస్మిన్ సన్నిధిం కురు

జగన్నాథుడవైన స్వామీ, ఈ పూజ ముగిసేవరకు ప్రీతితో ఈ బింబంలో కొలువై ఉండు అని ప్రార్థన. చిన్నప్పటి నుంచీ ఏటా వింటూనే ఉన్నాను. 2025లో, ఆగస్టు 26న, డల్లాస్ దగ్గర మా ఇంట్లో నాన్న దీన్ని చదువుతుంటే 'యావత్పూజావసానకమ్' అన్న మాట దగ్గర నా చేతిలో అక్షతలు ఆగిపోయాయి. స్వామిని రమ్మని పిలిచిన నోటితోనే ఎంతవరకు ఉండాలో కూడా చెప్పేస్తున్నాం. ఆ శనివారమే అమ్మానాన్నల తిరుగు ప్రయాణం. మార్చి మొదటి వారంలో వాళ్ళు విమానం దిగిన రోజునే అధికారులు 6 నెలల గడువు ఇచ్చి లోపలికి పంపారు. ఆ గడువు తేదీని నేను వంటింటి క్యాలెండర్లో గుర్తు పెట్టుకున్నాను కానీ, ఆరు నెలలూ ఆ పుట వైపు చూడకుండా గడిపాను.

ఇంతకాలం ఆ శ్లోకంలో నాకు గడువు ఒక్కటే వినిపించేది. దాని పక్కనే 'ప్రీతిభావేన' అని ఉంది. ఉన్నంతసేపూ ప్రీతితో ఉండమని. గడువునూ ప్రీతినీ ఒకే వాక్యంలో కూర్చిన ఆ పూర్వులకు, వచ్చినవాళ్ళు వెళ్ళే ఇంట్లో ఉండడం ఎలా ఉంటుందో బాగా తెలుసుననిపించింది.

మన ఊళ్ళో ఈసారి చవితి బుధవారం. ఇక్కడ తిథి మంగళవారమే వచ్చింది. "మా వినాయకుడు మీకంటే ఒక రోజు ముందే వచ్చేశాడే" అని అమ్మ తెనాలిలో ఉన్న పిన్నికి ఫోను చేసి గర్వంగా చెప్పుకుంది.

పత్రి గురించి చెప్పాలి. ఏటా ఇక్కడ మాకు 21 పత్రాలూ దొరకవు. తులసి ఉంది, ఎదురింటి వాళ్ళ దానిమ్మ ఉంది, గన్నేరు ఉంది. మాచీపత్రం, వావిలి, జమ్మి మాటకు వస్తే అక్షతలే శరణ్యం. కానీ గరిక కోసం నేను పదేళ్ళుగా భారతీయ దుకాణాల చుట్టూ తిరిగాను. ఏప్రిల్లో ఒక ఉదయం నాన్న మా ఇంటి ముందు గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక తీగను లాగి, కణుపులు లెక్కపెట్టి, "ఏమ్మా, ఇది గరికే కదా!" అన్నారు. నిజమే. ఇక్కడి వాళ్ళు బెర్ముడా గడ్డి అనేది మన దూర్వే. టెక్సాస్ ఎండకు తట్టుకుంటుందని ప్రతి ఇంటి ముందూ పరుస్తారు. నేను ఇన్నేళ్ళూ దాని మీద నడుస్తూ వెళ్ళి కారెక్కి, గరిక వెతుక్కున్నాను. ఆ రోజు నుంచి నాన్న కంచె వారగా ఒక మూలకు మందు కొట్టనివ్వలేదు. చవితి నాడు ఆ మూలలోనే ఆయనా మా బాబూ కలిసి రెండేసి పోచల చొప్పున దూర్వాయుగ్మాలు కోసి, ఇత్తడి పళ్ళెం నింపేశారు. గరిక ఇంత పచ్చగా, ఇంత సమృద్ధిగా నేను ఏ చవితికీ చూడలేదు.

షోడశోపచారాలను ఒక్కొక్కటిగా తలచుకుంటే అవన్నీ ఇంటికి వచ్చిన అతిథికి చేసేవే. రమ్మనడం, కూర్చోబెట్టడం, కాళ్ళకు నీళ్ళివ్వడం, స్నానం, బట్టలు, గంధం, పువ్వులు, భోజనం, తాంబూలం. ఇవన్నీ మనం ఓపికగా చేస్తాం. చివరిదైన ఉద్వాసన దగ్గరకు వచ్చేసరికి హడావిడి పడతాం. ఎవరో ఒకరు వచ్చి విగ్రహాన్ని కాస్త కదిపి, 'అయిందనిపిస్తారు'. పైగా ఈ మాటకు పత్రికలు పట్టించిన గతి చూస్తే నాకు బాధగా ఉంటుంది. మంత్రిని పదవి నుంచి తీసేస్తే ఉద్వాసన, ఉద్యోగిని తొలగిస్తే ఉద్వాసన. పూజలో ఆ మాటకు గెంటివేత అనే అర్థం లేదు. గౌరవంగా సాగనంపడం అని అర్థం. అదీ ఉపచారమే.

మూడేళ్ళ కిందట వాళ్ళు వచ్చి వెళ్ళినప్పుడు ఆ ఉపచారం నేను చేయలేదు. ఆ చివరి వారమంతా పెట్టెలు 23 కిలోలు దాటకుండా తూకం వేయడం, బంధువులకు చాక్లెట్లు కొనడం, ఆఫీసు పని. ఒక సాయంత్రం అమ్మ నాతో ఏదో చెప్పాలని వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను ఫోనులో ఉండడం చూసి వెనక్కి వెళ్ళిపోయింది. ఊరికి చేరాక, "ఆ రోజు ఏదో చెప్పబోయావు, ఏమిటమ్మా?" అని అడిగితే గుర్తు లేదంది. ఈసారి చవితి నుంచి శనివారం వరకు సెలవు పెట్టాను. పెట్టెలు ముందు వారమే కట్టేశాం.

మూడో రోజు గురువారం సాయంత్రం నిమజ్జనం. పిల్లలు స్వామిని శనివారం దాకా ఉంచుదామన్నారు. తాతయ్య, అమ్మమ్మ, వినాయకుడు ఒకే రోజు వెళ్తే పాప తట్టుకోలేదని నేనే వద్దన్నాను. శుక్రవారం ఇంట్లోంచి ఎవరినీ పంపకూడదని అమ్మ చెప్పనే చెప్పింది. నాన్న తొందరపడలేదు. 'యజ్ఞేన యజ్ఞమయజన్త దేవాః' అని మంత్రం చదివి, 'యథాస్థానం ప్రవేశయామి, శోభనార్థే క్షేమాయ పునరాగమనాయ చ' అంటూ మట్టి విగ్రహాన్ని రెండు చేతులతో కదిపారు. అర్థమేమిటని బాబు అడిగాడు.

"శుభం కోసం, క్షేమం కోసం, మళ్ళీ రావడం కోసం నీ చోటికి నిన్ను చేరుస్తున్నాం అని."

"ఎప్పుడు వస్తాడు?"

"వచ్చే భాద్రపదంలో."

"మరి నువ్వు తాతయ్యా?"

నాన్న వెంటనే ఏమీ అనలేదు. మిగిలిన అక్షతలు వాడి తల మీద వేసి, "ఒక చేత్తో సైకిలు తొక్కడం నీకింకా నేర్పలేదు కదా!" అన్నారు.

నేను మాత్రం 'యథాస్థానం' దగ్గరే ఆగిపోయాను. స్వామికి తనదైన చోటు ఉందని, ఆయన మన ఇంటి పీట మీదికి అక్కడి నుంచి వచ్చాడని ఒప్పుకోవడం అది. నాన్నకూ ఒక చోటు ఉంది. తెనాలిలో కాలవ గట్టు మీద పొద్దున్నే నడక, టీ కొట్టు దగ్గర ఎదురుచూసే నలుగురు మిత్రులు, పేపరు మీద వాదన. ఆరు నెలలుగా వాటి ఊసెత్తకుండా మా కోసం ఇక్కడ కూర్చున్నారు. పెట్టెలు కట్టిన రోజు ఆయన ముఖంలో కనిపించిన వెలుగు చూసి నేను లోపల నొచ్చుకున్నాను, మమ్మల్ని వదిలి వెళ్ళడం ఆయనకు సంతోషమా అని. ఆ మంత్రం విన్నాక ఆ నొప్పి పోయింది. వెళ్ళేవాళ్ళు మనల్ని విడిచి ఎటో పోతున్నారని అనుకుంటాం. తమ చోటికి చేరుతున్నారని అనుకోవడానికి ప్రేమ ఇంకొంచెం ఎక్కువ కావాలి. అది నాకు ఆ గురువారం దాకా చేతకాలేదు.

విగ్రహాన్ని పెరట్లో తొట్టిలోకి దించాం. మట్టి కరిగాక ఆ నీళ్ళు అమ్మ వేసిన గోంగూర మడికి పోశాం. ఇక్కడి ఎండకు గోంగూర ఎంత ఏపుగా పెరుగుతుందో!

శుక్రవారం అమ్మ స్నేహితురాలి దగ్గర వీడ్కోలు. వెనక వీధిలో కొడుకు దగ్గర ఉండే పంజాబీ పెద్దావిడ ఆమె. వేసవిలో ఇక్కడ ఎనిమిది గంటలు దాటితే గానీ ఎండ తగ్గదు, అప్పుడు ఇద్దరూ పార్కులో నడిచేవారు. ఆమెకు తెలుగు రాదు, అమ్మకు తెలుగు తప్ప రాదు. ఆమె 'భెన్‌జీ' అనేది, అమ్మ 'అక్కగారూ' అనేది. మోకాళ్ళ నొప్పులూ మెంతికూరా మనవల అల్లరీ ఇద్దరికీ సమానమే కాబట్టి మాటలకు లోటు రాలేదు. నన్ను తోడు రమ్మన్నారు గానీ, దుబాసీ అవసరం ఏమాత్రం కలగలేదు. అమ్మ ఆమెకు బొట్టు పెట్టి, రవికెల గుడ్డ, తాంబూలం ఇచ్చింది. ఆమె తన పూల కుట్టుపని చున్నీ తీసి అమ్మ భుజం చుట్టూ కప్పింది. ఇద్దరూ చాలాసేపు చేతులు వదల్లేదు.

శనివారం విమానాశ్రయంలో డి టెర్మినల్. దోహా మీదుగా హైదరాబాదు. శాకుంతలం నాలుగో అంకంలో, శకుంతలను సాగనంపుతూ వస్తున్న కణ్వుడితో ఆయన శిష్యుడు శార్ఙ్గరవుడు అంటాడు: 'ఓదకాంతం స్నిగ్ధో జనోఽనుగంతవ్యః'. ఆత్మీయులను నీటి ఒడ్డు దాకా అనుసరించాలని పెద్దల మాట, ఇదిగో చెరువు గట్టు వచ్చింది, ఇక ఆగండి అని. మాకు ఆ గట్టు భద్రతా తనిఖీ వరస. టికెట్టు లేనివాళ్ళు అక్కడ ఆగాలి. చక్రాల కుర్చీలో కూర్చున్న అమ్మ పాదాలకు వంగి దండం పెట్టాను. "వెళ్ళొస్తామమ్మా" అన్నారు ఇద్దరూ. తెలుగులో పెద్దవాళ్ళెవరూ 'వెళ్తాను' అని ఊరుకోరు. అది కూడా పునరాగమన మంత్రమే. వాళ్ళు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నిలబడ్డాం. పాప చెయ్యి ఊపుతూనే ఉంది.

ఆదివారం సాయంత్రం తలుపు తడితే ఆ పంజాబీ పెద్దావిడ. చవితి నాడు అమ్మ ఉండ్రాళ్ళు పెట్టి ఇచ్చిన స్టీలు డబ్బా తెచ్చింది. ఖాళీగా కాదు, నిండా పంజీరీ. నేతి వాసన ఇల్లంతా పరుచుకుంది. ఆమె లోపలికి వచ్చి, అమ్మ రోజూ కూర్చునే కుర్చీ వైపు చూసి, పక్క కుర్చీలో కూర్చుంది.

మరునాడు అమ్మ తెనాలి నుంచి ఫోను చేసింది. ప్రయాణం బాగా జరిగిందట, నాన్న అప్పుడే కాలవ గట్టుకు వెళ్ళారట. డబ్బా సంగతి చెప్పాను.

"దాన్ని అలా ఊరికే ఉంచకు" అంది. "రేపు గోంగూర కోసి పచ్చడి చేసి, అందులో పెట్టి అక్కగారికి ఇచ్చిరా. కారం కాస్త తగ్గించు."